ఎనభై ఐదో బండి

ఖాళీ రోడ్డు, మంచి వెలుతురు, బండి కండిషన్‌లో ఉంది, కనుచూపు మేరలో ఎవరూ లేరు. పక్కన బోర్డు మీద మాత్రం 60 అని ఉంది. 80లో వెళ్తే ఏమవుతుంది? ఇలా అడిగేవాళ్లలో నిర్లక్ష్యంగా నడిపేవాళ్లే కాదు, జాగ్రత్తగా నడిపేవాళ్లూ చాలామంది ఉన్నారు. "ఆ అంకె రాసినవాడికి ఈ రోడ్డు గురించి నాకంటే ఎక్కువ తెలుసా?" అన్నది వాళ్ల అసలు సందేహం. అది న్యాయమైన సందేహమే. చట్టం కాబట్టి పాటించు అంటే దానికి జవాబు చెప్పినట్టు కాదు. ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పాలి, చెప్పాక అది సరైనదో కాదో వాదించాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలా చోట్ల లిమిట్ నిర్ణయించే పద్ధతిలో తప్పు ఉంది. అయితే ఆ తప్పు వేగంగా వెళ్లాలనుకునేవాళ్లు చూపించే వైపు లేదు, దానికి సరిగ్గా ఎదురువైపు ఉంది.

నిజానికి ఎక్కువ రోడ్లకు ప్రత్యేకంగా ఎవరూ లెక్క కట్టరు. జనావాసాల్లో ఇంత, బయట ఇంత, హైవే మీద ఇంత అని ప్రతి దేశం చట్టంలో కొన్ని అంకెలు రాసి పెట్టుకుంటుంది. బోర్డు లేని చోట అవే వర్తిస్తాయి. ఇంజనీర్ల పని మొదలయ్యేది రోడ్డు కొత్తగా వేసేటప్పుడు, లేదా ఉన్న లిమిట్ మార్చాలనుకున్నప్పుడు.

కొత్త రోడ్డుకి ముందుగా ఒక వేగం అనుకుంటారు. దాన్ని డిజైన్ స్పీడ్ అంటారు. మలుపు ఎంత విశాలంగా ఉండాలి, మలుపులో రోడ్డు బయటి అంచు ఎంత ఎత్తు లేవాలి, రోడ్డు ఎక్కి దిగే చోట అవతలి వైపు ఎంత దూరం కనపడాలి అన్నవన్నీ ఆ వేగాన్ని బట్టే తేలతాయి. వీటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది చూపు దూరం. డ్రైవర్ ఒక అడ్డంకిని చూసి, అది అడ్డంకి అని గుర్తించి, కాలు బ్రేక్ మీదికి తెచ్చి, బండి ఆపడానికి కావలసిన దూరం అది. అమెరికాలో హైవే అధికారుల సంఘం ఆష్టో వాడే లెక్కలో చూసి తేరుకోవడానికే 2.5 సెకన్లు ఇస్తారు. ఆ లెక్క ప్రకారం 60 కిలోమీటర్ల రోడ్డుకి 85 మీటర్లు కనపడాలి. 80కి అయితే 130 మీటర్లు కావాలి.

ఇప్పుడు మొదట చెప్పిన ఖాళీ రోడ్డు దగ్గరకి రండి. అది 60 కోసం కట్టిన రోడ్డు అనుకుందాం. మలుపు తిరగగానే 85 మీటర్ల అవతల ఒక లారీ చెడిపోయి ఆగి ఉంది. 80లో వచ్చేవాడికి లెక్క ప్రకారం 130 మీటర్లు కావాలి, ఉన్నది 85. "నేను గట్టిగా బ్రేక్ తొక్కితే అంతలోనే ఆపగలను" అని ఆయన అనవచ్చు, అది నిజమే కూడా. పొడి రోడ్డు మీద, చురుగ్గా ఉన్న డ్రైవర్, మంచి టైర్లున్న కారుని 70 మీటర్లలోపే ఆపగలడు. ఆష్టో లెక్కలో కొంత అదనం కలిపి ఉంది. కానీ ఆ అదనం ఎందుకు కలిపారు? వాన కోసం, రాత్రి కోసం, అరిగిపోయిన టైర్ కోసం, నిద్ర చాలని మనిషి కోసం, ఏదో టెన్షన్‌లో ఉండి ఒక సెకను ఆలస్యంగా చూసేవాడి కోసం. 80లో వెళ్లేవాడు ఆ అదనాన్ని ముందే ఖర్చు పెట్టేస్తున్నాడు. అవసరం పడిన రోజున అది మిగిలి ఉండదు. అన్నీ బాగున్న రోజుల్లో ఈ సంగతి ఆయనకి ఎప్పటికీ తెలిసిరాదు.

ఉన్న రోడ్డుకి లిమిట్ నిర్ణయించే పద్ధతి వేరు. నా గొడవంతా దాంతోనే.

అమెరికాలో దశాబ్దాలుగా నడిచిన, ఇంకా చాలా దేశాల ఇంజనీర్లు నేర్చుకున్న ఆ పద్ధతి ఇది. రోడ్డు పక్కన నిలబడి, రద్దీ లేని వేళ, పొడి వాతావరణంలో, ముందు వేరే బండి అడ్డం లేకుండా స్వేచ్ఛగా పోతున్న బండ్ల వేగం కొలుస్తారు. కనీసం ఒక వంద బండ్లు. వాటిని వేగాన్ని బట్టి తక్కువ నుంచి ఎక్కువకి వరుసగా పేరిస్తే ఎనభై ఐదో స్థానంలో వచ్చే బండి వేగం ఎంతో చూస్తారు. దానికి దగ్గర్లో ఉన్న అంకెనే లిమిట్‌గా పెట్టమని సిఫారసు చేస్తారు. నూటికి ఎనభై ఐదు మంది ఆ వేగంతోనో అంతకన్నా నెమ్మదిగానో వెళ్తున్నారు కాబట్టి అది వివేకం గల జనం ఎంచుకున్న వేగం అని, ఆ పైన వెళ్లే పదిహేను మందిని పట్టుకుంటే చాలని దీని వెనక ఉన్న తర్కం.

మొదటిసారి విన్నప్పుడు ఇందులో ఒక ప్రజాస్వామ్యం కనిపిస్తుంది. అధికారి తన గదిలో కూర్చుని అంకె రాయడం కన్నా రోడ్డు వాడేవాళ్ల తీర్పుని గౌరవించడం మంచిదే కదా. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఇలాంటి సర్వే ఒకటి మా చేత చేయించారు. రోడ్డు మీద కొలిచిన దూరంలో రెండు గీతలు గీసి, స్టాప్‌వాచ్ పట్టుకుని, ఒక్కో బండి మొదటి గీత నుంచి రెండో గీతకి ఎంతసేపట్లో వచ్చిందో రాసుకోవాలి. మేము కొలుస్తున్నంతసేపూ అవతలి వైపు కొందరు రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నారు. ఒక పెద్దావిడ రెండుసార్లు అడుగు ముందుకి వేసి మళ్లీ వెనక్కి తగ్గింది. మా ఫారంలో బండి రకానికి ఒక గడి, సమయానికి ఒక గడి, వేగానికి ఒక గడి ఉన్నాయి. ఆవిడని రాయడానికి గడి లేదు. అప్పుడు మేమెవరం దాని గురించి ఆలోచించలేదు, మాకు అప్పజెప్పిన పని బండ్లని లెక్కపెట్టడం. కానీ ఇది ఓటింగ్ అయితే ఓటు ఎవరికుంది? స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకి మాత్రమే. దాటాలని చూసి దాటలేకపోయినవాళ్లకి లేదు. ఈ రోడ్డు మీద సైకిల్ తొక్కడం భయమని మానేసినవాళ్లకి లేదు. ఆ రోడ్డు వల్ల పిల్లల్ని బడికి నడిపించి పంపని తల్లిదండ్రులకీ లేదు. వేగం వల్ల లాభపడేవాళ్లని అడిగి, దాని నష్టం భరించేవాళ్లని అడగకుండా తీసుకున్న నిర్ణయాన్ని జనాభిప్రాయం అని పిలవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. డ్రైవర్ వేగాన్ని ఎంచుకునేది ప్రమాదాల లెక్క చూసి కాదు, రోడ్డు చూసి. లేన్లు వెడల్పుగా ఉండి, అంచుల్లో చెట్లూ గోడలూ లేకుండా, తిన్నగా ఉంటే కాలు దానంతట అదే యాక్సిలరేటర్ మీద దిగుతుంది. ఇంజనీరు భద్రత కోసమని లేన్ వెడల్పు చేస్తే డ్రైవర్ దాన్ని వేగంగా మార్చుకుంటాడు. అప్పుడు సర్వే చేస్తే ఎనభై ఐదో బండి వేగం పెరిగి కనిపిస్తుంది. లిమిట్ పెంచుతారు. లిమిట్ పెరిగింది కాబట్టి ఇంకొంచెం వేగంగా వెళ్తారు. మళ్లీ సర్వే. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2017లో వేగం మీద చేసిన అధ్యయనంలో సరిగ్గా ఈ విషవలయం గురించే హెచ్చరించింది. 2023 చివర్లో వచ్చిన అక్కడి ట్రాఫిక్ మాన్యువల్ పదకొండో ఎడిషన్లో ఈ సూత్రం ప్రాధాన్యం తగ్గించి, రోడ్డు పక్కన ఏముంది, నడిచేవాళ్లు ఎంతమంది, పాత ప్రమాదాల చరిత్ర ఏమిటి అన్నవాటినీ లెక్కలోకి తీసుకోమన్నారు. ఆలస్యమే, అయినా మంచి మార్పు.

ఇక్కడ అవతలి పక్షం దగ్గర గట్టి వాదన ఒకటి ఉంది. ప్రమాదం వేగంలో లేదు, వేగాల మధ్య తేడాలో ఉంది అంటారు. అందరూ 100లో పోతుంటే 60లో పోయేవాడే ప్రమాదకారి అని. దీనికి మూలం 1964లో డేవిడ్ సోలమన్ అనే పరిశోధకుడు అమెరికా గ్రామీణ హైవేల మీద చేసిన అధ్యయనం. సగటు వేగానికి దగ్గరగా, కాస్త పైన వెళ్లేవాళ్లకి ప్రమాదాలు తక్కువ, బాగా నెమ్మదిగా వెళ్లేవాళ్లకీ బాగా వేగంగా వెళ్లేవాళ్లకీ ఎక్కువ అని ఆయన లెక్కల్లో తేలింది. గ్రాఫు గీస్తే కింద గుంటపడిన గిన్నెలా ఉంటుంది. వేగంగా నడిపేవాళ్లు ఈ గ్రాఫుని ఎంతో ఇష్టంగా చూపిస్తారు.

కానీ ఆ నెమ్మది బండ్లు ఎవరివి? ప్రమాదం జరిగేముందు బండి ఎంత వేగంలో ఉందన్నది ఆ అధ్యయనం ప్రమాద నివేదికల నుంచి తీసుకుంది. పక్క రోడ్డులోకి తిరగడానికి వేగం తగ్గించినవాడు, మలుపు తిరిగి అప్పుడే హైవే ఎక్కినవాడు, ముందు ట్రాఫిక్ ఆగిందని బ్రేక్ వేసినవాడు, వీళ్లంతా ఆ లెక్కలో నెమ్మదిగా వెళ్లేవాళ్లే. వెనక నుంచి వచ్చి గుద్దినవాడి వేగం తప్పు కూడా వీళ్ల ఖాతాలో పడింది. తర్వాత 1997లో అడిలైడ్ విశ్వవిద్యాలయం వాళ్లు మరింత జాగ్రత్తగా చూశారు. 60 లిమిట్ ఉన్న నగర రోడ్ల మీద, మనుషులకి దెబ్బలు తగిలిన ప్రమాదాల స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించి, కారు అంతకుముందు ఎంత వేగంతో వస్తోందో లెక్కగట్టారు. అదే చోట, వారంలో అదే రోజు, అదే వేళ ఏ ప్రమాదమూ లేకుండా వెళ్తున్న కార్ల వేగంతో పోల్చారు. 60 దాటాక ప్రతి 5 కిలోమీటర్లకి ప్రమాదంలో చిక్కుకునే అవకాశం దాదాపు రెట్టింపు అయింది. 60 కన్నా నెమ్మదిగా వెళ్లినవాళ్లకి ప్రమాదం పెరిగిన దాఖలా లేదు. 65లో వెళ్లడం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్‌తో నడపడానికి దాదాపు సమానమని కూడా వాళ్లు పోల్చి చెప్పారు. తాగి నడిపేవాణ్ణి అందరం తప్పుపడతాం. ఐదు కిలోమీటర్లు ఎక్కువ పోయేవాణ్ణి మందలించే మనిషి కూడా ఉండడు.

వేగాల తేడా వల్ల హైవే మీద ఇబ్బంది ఉండదని నేను అనను. ఓవర్‌టేక్‌లు పెరుగుతాయి, చిరాకు పెరుగుతుంది. అయితే తేడా తగ్గించడానికి అందర్నీ వేగంగా పొమ్మనడం ఒక్కటే దారి కాదు కదా, వేగంగా పోయేవాళ్లు తగ్గినా తేడా తగ్గుతుంది.

కొద్ది కిలోమీటర్లకే అంత తేడా ఏమిటని నమ్మబుద్ధి కాని వాళ్ల కోసం ఒక లెక్క. ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. రెండు కార్లు పక్కపక్కన వస్తున్నాయి. ఒకటి 50లో, ఒకటి 60లో. ముందు ఒక పిల్లవాడు రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఇద్దరు డ్రైవర్లూ సమానంగా చురుకైనవాళ్లు, ఒక సెకనులో బ్రేక్ మీద కాలు వేశారు. బ్రేకులు కూడా ఒకేలాంటివి. 50లో వస్తున్న కారు ఆ సెకనులో 14 మీటర్లు పోతుంది, బ్రేక్ పడ్డాక ఇంకో 14 మీటర్లలో ఆగుతుంది. 28 మీటర్ల దగ్గర పిల్లవాడికి అంగుళం ఇవతల ఆగిందనుకోండి. 60లో వస్తున్న కారు బ్రేక్ పడకముందే దాదాపు 17 మీటర్లు వచ్చేసింది. మిగిలిన 11 మీటర్లలో దాని వేగం ఎంతకు దిగుతుంది? దాదాపు 40కి. అంటే ఒకరు తాకకుండా ఆగిన చోట ఇంకొకరు 40 కిలోమీటర్ల వేగంతో పిల్లవాణ్ణి గుద్దుతారు. తేడా 10 కిలోమీటర్లే అనుకున్నాం, దాని ఫలితం మాత్రం సున్నాకీ 40కీ మధ్య ఉన్న తేడా. బ్రేక్ వేసినప్పుడు వేగం చివరి మీటర్లలోనే ఎక్కువగా పడిపోతుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది అలాగే జరుగుతుంది. ఇక్కడ డ్రైవర్ నైపుణ్యం పనికొచ్చేది ఏమీ లేదు, ఇద్దరూ సమాన నైపుణ్యం ఉన్నవాళ్లనే మొదట అనుకున్నాం.

40తో గుద్దితే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న. పాత పుస్తకాల్లో ఈ అంకెలు మరీ భయంకరంగా ఉండేవి, ఎందుకంటే పెద్ద గాయాలతో ఆసుపత్రికి వచ్చినవాళ్లే ఎక్కువగా లెక్కలో చేరేవారు. ఆ లోపం సరిచేసి అమెరికాలో ఏఏఏ ఫౌండేషన్ 2011లో ప్రచురించిన లెక్క ప్రకారం, నడిచే మనిషిని కారు గుద్దితే చనిపోయే అవకాశం సుమారు 37 కిలోమీటర్ల దగ్గర 10 శాతం, 51 దగ్గర 25, 68 దగ్గర 50, 80 దగ్గర 75 శాతం. ఇవి అన్ని వయసుల సగటు. పెద్దవయసు వాళ్లకి ఇంతకన్నా ఎక్కువ. 50 కిలోమీటర్ల వేగమంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీంచి, కింద పడ్డప్పుడు నేలని తాకే వేగం. 80 అయితే పాతిక మీటర్ల ఎత్తు. ఆ ఎత్తు నుంచి కిందికి చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. డ్రైవింగ్ సీట్లో అదే 80 దగ్గర పాట వింటూ కూర్చుంటాం. మన శరీరానికి ఎత్తు భయం పుట్టుకతో వచ్చింది. వేగం భయం రాలేదు. కాసేపు వేగంగా నడిపాక ఆ కాస్త భయం కూడా పోతుంది, హైవే దిగి ఊళ్లోకి వచ్చినప్పుడు 60 కూడా పాకుతున్నట్టు అనిపించడం అందుకే. కాబట్టి "నాకు సేఫ్‌గానే అనిపిస్తోంది" అన్న మాటకి నేను విలువ ఇవ్వలేను. అది అబద్ధం అని కాదు. ఆ అనిపించడం అనేది ప్రమాదాన్ని కొలిచే పరికరం కాదు.

అవతలి మనిషికి కూడా వేగం కొలిచే పరికరం లేదు. ఈ సంగతి నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తుంది. రోడ్డు దాటే మనిషి వచ్చే బండిని చూసి ఖాళీ సరిపోతుందా లేదా అని తేల్చుకోవాలి. పెద్దవాళ్లు ఎక్కువగా బండి ఎంత దూరంలో ఉందో చూసే తేల్చుకుంటారు, ఎంత వేగంగా వస్తోందో వాళ్లు సరిగ్గా పట్టలేరు. బడి వయసు పిల్లలకి సుమారు 30 కిలోమీటర్లు దాటిన వేగంతో ఎదురొచ్చే కారు దగ్గరవుతున్న సంగతే కన్ను సరిగ్గా పట్టకపోవచ్చని లండన్ విశ్వవిద్యాలయంలోని రాయల్ హాలోవే పరిశోధకులు చూపించారు. మా అమ్మ ఇప్పుడు నెమ్మదిగా నడుస్తుంది. ఏడు మీటర్ల రోడ్డు దాటడానికి ఆవిడకి తొమ్మిది సెకన్లు పడుతుందనుకోండి. కారు 130 మీటర్ల దూరంలో ఉండగా ఆవిడ అడుగు వేసింది. అది 50లో వస్తుంటే తొమ్మిది సెకన్లలో 125 మీటర్లు వస్తుంది, ఆవిడ అవతలి ఒడ్డుకి చేరిపోతుంది. 70లో వస్తుంటే 175 మీటర్లు వస్తుంది. అడుగు వేసేటప్పుడు ఆవిడ చేసిన అంచనాలో పొరపాటు లేదు, ఆ రోడ్డు మీద బండ్లు వెళ్లే వేగాన్ని నమ్మి వేసింది. లిమిట్ అనేది డ్రైవర్‌కి పెట్టిన ఆంక్ష మాత్రమే కాదు. రోడ్డు మీద ఉన్న మిగతా అందరికీ ఇచ్చిన హామీ కూడా. దాన్ని దాటే డ్రైవర్ ఆ హామీని ఎవరికీ చెప్పకుండా రద్దు చేస్తున్నాడు.

కారు లోపలి వాళ్ల మాటేమిటి, ఎయిర్‌బ్యాగులున్నాయి, ఐదు నక్షత్రాల రేటింగ్ ఉంది అంటారు. ఆ నక్షత్రాలు ఏ వేగంలో ఇస్తారో చూడండి. ముందునుంచి గుద్దే ప్రసిద్ధ పరీక్ష ఒకటి చాలా ఏళ్లుగా గంటకి 64 కిలోమీటర్ల దగ్గర చేస్తున్నారు. అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల పరిశోధనా సంస్థ ఐఐహెచ్ఎస్, ఇంకా కొందరు కలిసి అదే పరీక్షని 64తో పాటు 80, 90 దగ్గర కూడా చేసి 2021లో ఫలితాలు చెప్పారు. 64లో డ్రైవర్ కూర్చునే చోటు దాదాపు చెక్కుచెదరలేదు. 80లో డోర్, డాష్‌బోర్డ్, కాళ్ల దగ్గరి భాగం బాగా వంకర్లు పోయాయి. 90లో లోపలి భాగం చితికిపోయి, డ్రైవర్ సీట్లో పరీక్ష కోసం కూర్చోబెట్టిన మనిషి బొమ్మ మెడకీ కాళ్లకీ తీవ్రమైన గాయాలయ్యే స్థాయి నమోదైంది. కారు అదే, బెల్టు అదే, ఎయిర్‌బ్యాగు అదే. నక్షత్రాలు ఒక వేగం వరకే మాటిస్తాయి. ఆ పైన వాటికి అర్థం లేదు.

"ఇన్నేళ్లుగా నడుపుతున్నాను, నాకేమీ కాలేదు" అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఒక్కో ప్రయాణంలో ప్రమాదం జరిగే అవకాశం చాలా చిన్నది. దాన్ని రెండింతలు చేసినా, నాలుగింతలు చేసినా చిన్నదిగానే కనిపిస్తుంది. కాబట్టి వేగంగా నడిపే చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. వాళ్ల అనుభవం నిజమే. కానీ లక్షల మంది ఒకేలా చేసినప్పుడు లెక్క ఏమవుతుందో ఏ ఒక్కరి అనుభవంలోనూ కనపడదు. స్వీడన్‌లో గోరన్ నిల్సన్ అక్కడి లిమిట్ల మార్పుల్ని చూసి ఒక సూత్రం తేల్చాడు. రోడ్డు మీద సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు సుమారు 4 శాతం పెరుగుతాయి. తర్వాతి పరిశోధకులు దీనికి మెరుగులు దిద్దారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ ఈ అంకెనే వాడుతుంది. ఆ సంస్థ లెక్కలోనే ఏటా రోడ్ల మీద సుమారు 11 లక్షల 90 వేల మంది పోతున్నారు. వేగం ఒక్కటే కారణం కాదు. కానీ ఏ కారణం వల్ల ప్రమాదం మొదలైనా, అది గాయంతో తీరుతుందా చావుతో తీరుతుందా అన్నది ఎక్కువగా వేగమే తేలుస్తుంది.

ఇవి కాగితం మీది లెక్కలే అనుకునేవాళ్ల కోసం చరిత్ర ఉంది. బ్రిటన్ 1930లో కార్లకి వేగపరిమితి మొత్తంగా ఎత్తేసింది. అప్పటి లిమిట్‌ని ఎవరూ పాటించడం లేదు, పాటించని చట్టం ఎందుకు అన్నది వాదన. 1934లో అక్కడి రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. ఇప్పటితో పోలిస్తే కార్లు చాలా కొద్దిగా ఉన్న కాలం అది. 1935 మార్చిలో జనావాసాల్లో గంటకి 30 మైళ్ల లిమిట్ తిరిగి వచ్చింది. అమెరికా 1974లో చమురు సంక్షోభం వల్ల దేశమంతా 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్ల పరిమితి పెట్టింది. అంతకుముందు ఏడాది 54 వేలు దాటిన మరణాలు ఆ ఏడాది 45 వేలకి దిగాయి. జనం తక్కువ తిరగడం వల్ల కూడా కొంత తగ్గింది, ఆ సంగతి దాచకూడదు. 1995లో ఆ చట్టాన్ని తీసేశాక రాష్ట్రాలు లిమిట్లు పెంచుకుంటూ పోయాయి. 1993 నుంచి పాతికేళ్లలో ఈ పెంపుల వల్ల దాదాపు 37 వేల మంది అదనంగా చనిపోయారని ఐఐహెచ్ఎస్ అంచనా వేసింది. మోంటానా రాష్ట్రం అయితే పగటిపూట అంకే పెట్టకుండా "సమంజసమైన వేగంలో వెళ్లండి" అని వదిలేసింది. ఏది సమంజసమో డ్రైవర్‌కి తెలిసే మార్గం లేదని 1998లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది.

ఫ్రాన్స్ 2018 జూలైలో మధ్యలో డివైడర్ లేని రెండు వైపుల రోడ్ల మీద 90ని 80 చేసింది. చాలా గొడవ జరిగింది, వేగం పట్టే కెమెరాలని వేల సంఖ్యలో పాడుచేశారు. అయినా మొదటి ఇరవై నెలల్లో దాదాపు 350 ప్రాణాలు మిగిలాయని అక్కడి ప్రభుత్వ అధ్యయన సంస్థ లెక్కతేల్చింది. ప్రయాణికులు పోగొట్టుకున్న సమయం కిలోమీటరుకి సుమారు ఒక సెకను.

ఈ సెకను లెక్క మనసుకి ఎక్కదు. 100 కిలోమీటర్ల దూరాన్ని 40 బదులు 60లో వెళ్తే యాభై నిమిషాలు మిగులుతాయి. అదే 100 బదులు 120లో వెళ్తే మిగిలేది పది నిమిషాలే. రెండు చోట్లా పెంచింది 20 కిలోమీటర్లే. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు ఇంకా పెంచితే కలిసొచ్చే సమయాన్ని జనం ఎక్కువగా ఊహించుకుంటారని ఓలా స్వెన్సన్ అనే స్వీడిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచి చెబుతూ వచ్చాడు. ఊళ్లో అయితే మిగిలిన ఆ కాస్తా తర్వాతి సిగ్నల్ దగ్గర నిలబడి పోగొట్టుకుంటాం.

జర్మనీ సంగతేమిటని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆటోబాన్‌లో ఎక్కువ భాగం మీద లిమిట్ లేదు, నిజమే. 1978 నుంచి 130 దాటవద్దని సలహా ఉంది. ఆ పైన వెళ్తుండగా ప్రమాదం జరిగితే తప్పు ఎదుటివాడిదైనా కొంత బాధ్యత పడవచ్చని 1992లో అక్కడి సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. అంతకన్నా ముఖ్యం, ఆ రోడ్డు మీద నడిచేవాళ్లు లేరు, సైకిళ్లు లేవు, ఎదురొచ్చే బండి లేదు, అడ్డంగా దాటే రోడ్డు లేదు. జర్మనీలో ఎక్కువ మంది పోయేది ఆటోబాన్ మీద కాదు, పల్లెల మధ్య రెండు వైపులా బండ్లు తిరిగే మామూలు రోడ్ల మీద. ఆటోబాన్ చూసి తన వీధిలో వేగంగా వెళ్లేవాడు ఆ దేశం నుంచి ఒక్క అంకె తెచ్చుకుని మిగతాదంతా అక్కడే వదిలేశాడు.

మరి సరైన పద్ధతి ఏది? స్వీడన్ పార్లమెంటు 1997లో విజన్ జీరో అనే విధానాన్ని ఆమోదించింది. దాని ప్రకారం లిమిట్ మొదలయ్యేది బండి నుంచి కాదు, శరీరం నుంచి. మనుషులు పొరపాట్లు చేస్తారు, ఆ పొరపాటుకి మరణశిక్ష ఉండకూడదు. నడిచేవాళ్లూ కార్లూ కలిసే చోట 30. పక్క నుంచి కార్లు గుద్దుకునే కూడళ్లు ఉంటే 50. ఎదురెదురుగా గుద్దుకునే అవకాశం ఉంటే 70. ఆ అవకాశాలు ఏవీ లేకుండా డివైడర్ కట్టాకే 100, ఆ పైన. ఇందులో నాకు నచ్చింది, వేగంగా వెళ్లాలన్న కోరికని అది తిట్టదు. వేగం కావాలంటే ముందు దానికి తగ్గ రోడ్డు కట్టమంటుంది. ఎనభై ఐదో బండి పద్ధతి డ్రైవర్లు ఎంత వేగంగా పోతున్నారో అడుగుతుంది. ఇది ఎవరికి ఏం తగులుతుందో అడుగుతుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ 1992లోనే ప్రధాన రోడ్లు మినహా ఊరంతా 30 పెట్టింది. హెల్సింకిలో ఇప్పుడు సగానికి పైగా వీధులు 30. 2024 జూలై నుంచి 2025 జూలై వరకు ఆ నగరంలో ఒక్క రోడ్డు ప్రమాద మరణం కూడా లేదు.

బోర్డు మార్చితే సరిపోదని మాత్రం ఒప్పుకోవాలి. వేగంగా వెళ్లేలా కట్టిన ఆరు లేన్ల రోడ్డు మీద 30 అని రాసి, ఒక మూల పోలీసుని నిలబెట్టి జరిమానాలు వసూలు చేస్తే అది భద్రత కాదు. అలాంటి బోర్డులే జనానికి లిమిట్ అంటే గౌరవం పోగొట్టాయి, ఈ ఫిర్యాదులో వేగంగా నడిపేవాళ్ల పక్షానే ఉంటాను. లేన్లు సన్నం చేయాలి, దాటే చోట రోడ్డు ఎత్తు లేపాలి, కూడళ్లలో మలుపులు ఇరుకు చేయాలి, చెట్లు పెట్టాలి. హెల్సింకి చేసింది అదే, కెమెరాలు పెట్టింది, వీధులూ మార్చింది. అది డబ్బుతో, ఓపికతో కూడిన పని. ఈలోగా బోర్డుని లెక్కచేయనవసరం లేదని మాత్రం దీని అర్థం కాదు. రోడ్డు తప్పుగా కట్టారన్నది నగరపాలకుల్ని నిలదీయడానికి కారణం, ఆ రోడ్డు మీద ఇంకొకరి ప్రాణాన్ని పణంగా పెట్టడానికి కాదు.

2024 జూలై నుంచి యూరప్‌లో అమ్మే ప్రతి కొత్త కారులోనూ లిమిట్ దాటితే గుర్తుచేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. డ్రైవర్ కావాలంటే దాన్ని దాటిపోవచ్చు, ఆఫ్ కూడా చేసుకోవచ్చు. దాని మీద కూడా గొడవ జరుగుతోంది, మా స్వేచ్ఛ పోతోందని. నాకు అది ఇంకా మెత్తగానే ఉంది. ఊళ్లలో, బడుల దగ్గర, ఆసుపత్రుల దగ్గర లిమిట్ దాటడమే వీలుకాకుండా కార్లు తయారుచేయాలని నేను కోరుకుంటాను. వేగంగా వెళ్లాలన్న ఇష్టం ఉన్నవాళ్లకి ట్రాకులు ఉన్నాయి, డివైడర్ ఉన్న హైవేలు ఉన్నాయి. రోడ్డు దాటాల్సినవాళ్లకి అలా వేరే చోటు లేదు, తమ ఇంటి ముందున్న ఆ ఒక్క రోడ్డే వాళ్లు దాటాలి.